పదిహేడో ప్రశ్నకు జవాబు తొంభై

పదిహేడో ప్రశ్నకు నేను రాసిన జవాబు సరైనది. మీరు దానికి సున్నా వేశారు.

నాలుగు మార్కుల ప్రశ్న అది. నాకు వచ్చినవి ముప్ఫై ఎనిమిది, గట్టెక్కడానికి కావలసినవి నలభై. ఆ నాలుగులో సగం విదిల్చినా ఈపాటికి నేను ఏడో తెప్ప ఒరగకుండా చూసే మట్టం మేస్త్రీని. విదల్చలేదు కాబట్టి ఇప్పటికీ తొట్టిలో గుల్లలు గీకే సైకం నాంచారినే. వయసు ఇరవై రెండు. బడిలో చదివింది ఐదో తరగతి వరకు, మిగతాది పంపుగది గోడల మీద సుద్దతో.

ఒడ్డు కళాశాల మూల్యాంకన శాఖవారు "అభ్యంతరములను ఆధారములతో పంపవలెను" అని రాశారు. పంపుతున్నాను. ఆధారం నా రోజువారీ పుస్తకం. ఎక్కడైనా నాచు మరకలుంటే వాటికి మార్కులు కోయకండి. కోయడానికి ఇంకేమీ మిగల్లేదు.

వైశాఖ శుద్ధ విదియ
*రిజిస్టరులో: మట్టం సరి. నేను చూసింది: తూర్పుకు 2.4 గీతలు.*

ప్రాథమిక బీజగణితం మొదటి పాఠం ఇవాళ. డ్యూటీ దిగగానే, సాయంత్రం నాలుగింటికి, క్యాంటీన్ గోడకు బిగించిన పంతులు పెట్టె మొదలుపెట్టింది. వీరాస్వామి మేస్త్రీ గారు శ్రావణ పౌర్ణమికి దిగిపోతున్నారు. ఆ కుర్చీ మీద కన్నేసిన తొమ్మిది మందిమి చేరాం. ఈ కోర్సు సర్టిఫికెట్ లేనివాళ్లు తెప్ప మట్టం నిలిపే పడమర నీళ్ల తొట్టి చక్రం ముట్టుకోకూడదని నియమం. ఆరేళ్లుగా నేను ఆ తొట్టిలోకి దిగి గోడలు గీకుతున్నాను. తొట్టి నన్ను గుర్తుపడుతుంది గానీ నియమం గుర్తుపట్టదు.

"తెలియని రాశిని ఎక్స్ అనుకుందాం. భయపడవలసిన పని లేదు" అంది పెట్టె. మొదటి లెక్కలో రెండు రైళ్లు ఎదురెదురుగా బయలుదేరాయి.

"రైలెట్టా ఉంటదండీ?" అని అడిగాను.

"చాలా మంచి ప్రశ్న!" అంది పెట్టె. జవాబు మాత్రం చెప్పలేదు. రైలు పట్టాలు మా ఊరిని మోస్తున్న ఈ తెప్ప కింద, ముప్ఫై అడుగుల నీళ్ల లోతున ఉన్నాయనీ, వాటి సందుల్లో చేపలు గుడ్లు పెడుతున్నాయనీ మాకు తెలుసు. పట్టాల మీద ఏం తిరిగేదో చూసినవాళ్లు లేరు.

పాఠం అయ్యాక పంపుగది తుడిచే వంతు నాది. తెప్పకు నడిమధ్యన ఉంటుంది ఆ గది. కప్పు నుంచి తాడుకు ఇనుప గుండు వేలాడుతూ ఉంటుంది, దాని కింద గీతలు గీసిన చెక్క పలక. గుండు నడిమి గీత మీద ఉంటే తెప్ప మట్టంగా ఉన్నట్టు. ఏ వైపు కుంగితే గుండు ఆ వైపుకు పోతుంది. ఇవాళ కూడా గుండు సరిగ్గా నడిమి గీత మీదే ఉంది. పలక మీద దుమ్ము తుడుస్తుంటే నేల మీద, పలకకు పక్కగా, పాత ఎర్రచుక్క ఒకటి బయటపడింది. పలక నడిమి గీత ఉండాల్సింది ఆ చుక్క మీద. ఆ చుక్క నుంచి తూర్పుకు వరసగా మేకు బెజ్జాలు. లెక్కపెట్టాను. ఇరవై రెండు.

వీరాస్వామి గారి సర్వీసు ఇరవై రెండేళ్లు. ఈ లెక్కకు ఎక్స్ కూడా అక్కర్లేకపోయింది. గుండు తూర్పుకు జరిగినప్పుడల్లా ఆయన పలకను దాని కిందికి జరిపి మేకు కొట్టాడు, రిజిస్టరులో "మట్టం సరి" అని రాశాడు. చుక్క నుంచి కొలిస్తే 2.4 గీతలు తూర్పుకు ఉన్నాం.

వైశాఖ బహుళ పంచమి
*రిజిస్టరులో: మట్టం సరి. నేను చూసింది: 2.4.*

ఇవాళ లెక్క: ఒక కుళాయి తొట్టిని నాలుగు గంటల్లో నింపును. మరొక గొట్టం నిండిన తొట్టిని ఆరు గంటల్లో ఖాళీ చేయును. రెండూ ఒకేసారి తెరిచిన ఎప్పటికి నిండును?

మా వాళ్లు పడీపడీ నవ్వారు. ఏ బుద్ధిలేనివాడు రెండూ ఒకేసారి తెరుస్తాడని. నాకు నవ్వు రాలేదు. మా పడమర తొట్టికి అడుగున చీలిక ఉంది, రోజూ జరిగేది ఇదే. గంటకు నాలుగో వంతు వస్తుంది, ఆరో వంతు పోతుంది, పన్నెండో వంతు మిగులుతుంది. పెట్టె ప్రశ్న చదవడం పూర్తిచేసే లోపల "పన్నెండు గంటలు" అనేశాను.

"జవాబు సరైనది. కానీ మీరు సోపానాలు చూపలేదు. ఒక మార్కు."

ఒడ్డున కూర్చుని కోర్సు రాసినవాళ్లకు తొట్టి కంటే సోపానాలు ముఖ్యం. సరే, నేర్చుకున్నాను. ఇక మీదట మెట్టు మెట్టూ చూపిస్తాను. వద్దన్నా చూపిస్తాను.

వీరాస్వామి గారు టీ తాగుతూ వింటున్నారు. పక్కకు పిలిచి బెజ్జాల సంగతి అడిగాను.

"మెల్లగా మాట్లాడవే పిల్లా," అన్నాడు ఆయన. "రిజిస్టరులో 'సరి' అని కాకుండా ఇంకేం రాసినా ఒడ్డు నుంచి 'కారణం?' అని అడుగుద్ది. కారణం నీకు తెలీదా? నాకు తెలీదా? మీ పిన్ని దొడ్లో లేదా? మా ఆవిడ దొడ్లో లేదా?"

"మరి చదువుకుని సర్టిఫికెట్ తెచ్చుకుంది ఎందుకండీ?"

"పడమర తొట్టిలో ముప్ఫై టన్నులు నింపడానికి. నేను పరీక్ష రాసినప్పుడు ముప్ఫై, ఇప్పుడూ ముప్ఫై. ముప్ఫై దాటితే చక్రం తాళం గోల పెడుద్ది. రేపు నువ్వొచ్చినా ముప్ఫైయే. టీ తాగు, చల్లారిపోద్ది."

జ్యేష్ఠ శుద్ధ సప్తమి
*రిజిస్టరులో: మట్టం సరి. నేను చూసింది: 2.4, ఓ గంటసేపు 1.9, మళ్లీ 2.4.*

ఇవాళ మేస్త్రీ గారు చక్రం తిప్పి, నీళ్లు వదిలి, ఎవరితోనో కబుర్లలో పడ్డారు. తాళం గోల ఆయన చెవిన పడే వేళకు తొట్టిలో నలభై టన్నులు చేరాయి. ఎక్కువైన పది టన్నులు తోడిపోయమని నన్నే పురమాయించారు. తొట్టి ఎనభై టన్నులు పడుతుంది. ఎనభై గీత దగ్గర రంగు ఇప్పటికీ కొత్తగా ఉంది, నీళ్లు ఎన్నడూ అంత ఎత్తుకు ఎక్కలేదు.

తోడే ముందు పంపుగదిలోకి పరుగెత్తి గుండు చూశాను. 2.4 నుంచి 1.9కి వచ్చింది. పది టన్నులకు అరగీత. అంటే గీతకు ఇరవై టన్నులు. 2.4 గీతలకు నలభై ఎనిమిది టన్నులు.

రిజిస్టరు ప్రకారం తూర్పు భాగం 840 టన్నులు, పడమర 810. తేడా ముప్ఫై, అందుకే తొట్టిలో ముప్ఫై. కాగితం మీద అంతా సుబ్బరంగా ఉంది. కాగితం మీద లేని నలభై ఎనిమిది టన్నులు మాత్రం తూర్పున కూర్చుని ఉన్నాయి.

సాయంత్రం సమీకరణం రాశాను. అది దొడ్లలో దాచిన మట్టి కాబట్టి దానికి "మ" అని పేరు పెట్టాను.

"దయచేసి చరరాశికి ఎక్స్ లేదా వై వాడండి" అంది పెట్టె.

పెట్టెకు మట్టి పేరెత్తినా గిట్టదు.

జ్యేష్ఠ బహుళ తదియ, సోమవారం
*రిజిస్టరులో: మట్టం సరి. నేను చూసింది: పడమరకు 2.4. అవును, పడమరకు.*

ఇది ఒడ్డువాళ్లకు అర్థం కావాలంటే మా ఆచారం చెప్పాలి. ఒడ్డుకు వెళ్లినవాళ్లు పిడికెడు మట్టి లేకుండా తిరిగి తెప్ప ఎక్కరు. పెళ్లికి వెళ్లినా, కాన్పుకు వెళ్లినా, కొంగు చివర పిడికెడు. నియమం ప్రకారం మట్టి "అనవసర బరువు", దొరికితే సముద్రంలో పోస్తారు. కానీ పిడికెడు మట్టికి బరువేమిటని మా అందరి నమ్మకం. ముప్ఫై ఏళ్లుగా ఏడో తెప్పలో ఒక్కరు కూడా బరువు తేలేదు. పిడికెళ్లు తెచ్చారు, అంతే. ఇప్పుడు తూర్పున ఉన్న మూడు వందల ఇళ్లలో ఇంటికి నాలుగు మట్టి తొట్లు: కరివేపాకు, గోంగూర, మిరప, కనకాంబరం. అన్నీ తూర్పునే, ఎందుకంటే పడమర అంచున సముద్రపు నీటిని మంచినీరు చేసే టవర్లున్నాయి. వాటి ఉప్పు ఆవిరికి పడమర వైపు గడ్డి కూడా బతకదు.

ఆరు నెలలకోసారి ఒడ్డు నుంచి తూకంవాళ్లు వచ్చి ఇంటింటి సామాను తూచి పోతారు. సోమవారం తూర్పు, మంగళవారం పడమర. కాబట్టి తూర్పున ప్రతి ఇంటికీ పడమర ఒక తూకం చుట్టం ఉంటుంది. సోమవారం తెల్లారేసరికి మన తొట్లు వాళ్లింటికి పోతాయి. మంగళవారం తెల్లారేసరికి తిరిగొస్తాయి. రక్తసంబంధం లేకపోయినా ఈ చుట్టరికం చెడదు. నేనుండేది తూర్పు కింది వరసలో, మా వెంకాయమ్మ పిన్ని దగ్గర. ఆమె తూకం చుట్టం కాసులమ్మ.

ఇవాళ నడిమి వంతెన మీద తొట్టి మోసుకుపోతుంటే కాసులమ్మ ఎదురొచ్చింది.

"ఏం వెంకాయమ్మొదినా, కరివేపాకు ఇంత బలిసింది! పోయినసారి మా ఇంట్లో తాగిన నీళ్లేనా?"

"నీ ఇంట్లో ఒక్కరోజుంటే చాలు, నీ నోటికి జడిసి ఆకు రాలుద్ది" అంది పిన్ని. "మెల్లగా పట్టుకోవే నాంచారీ. అది మీ అమ్మది."

అవును. అమ్మ ఒడ్డు ఆసుపత్రి నుంచి చివరిసారి వచ్చినప్పుడు తెచ్చిన పిడికెడు ఆ తొట్టిలోనే ఉంది.

తూకంవాళ్లు వచ్చారు. సముద్రం పడక ఇద్దరు వాంతులు చేసుకున్నారు. వాళ్లకు తెప్ప ఎటు వాలినా ఒకటే. మేస్త్రీ గారు మాత్రం పలకను ఎర్రచుక్కకు అవతలి పక్కకు జరిపి మేకు కొట్టారు. తూకం రోజుకు వేరే బెజ్జాలున్నాయి!

నాకు ఒకటి అర్థం కాలేదు. తూర్పున ఎక్కువున్న నలభై ఎనిమిది టన్నులు తీసేస్తే గుండు నడిమికి రావాలి. అది నడిమి దాటి, అంతే దూరం పడమరకు పోయింది. మొత్తం 4.8 గీతలు. అంటే తొంభై ఆరు టన్నులు. మిగతా నలభై ఎనిమిది ఎక్కడివి?

మూడో తొట్టి మోస్తూ వంతెన మధ్యలో ఆగిపోయాను. వెనక వస్తున్నావిడ నా వీపుకు గుద్దుకుని తిట్టింది. తీసినది సముద్రంలో పోయలేదు కదా! ఇక్కడ నలభై ఎనిమిది తగ్గింది, అక్కడ నలభై ఎనిమిది పెరిగింది. వంతెన దాటించిన ప్రతి టన్నూ రెండు టన్నుల పని చేస్తుంది. పెట్టె ఇరవై పాఠాల్లో చెప్పలేనిది నలభై కిలోల తొట్టి నడుం మీద కూర్చుని చెప్పింది.

నలభై కిలోలని ఊరికే అనడం లేదు. గుల్లలు తూచే కాటా మీద పెట్టి చూశాను. మూడు వందల ఇళ్లు, నాలుగేసి తొట్లు, నలభయ్యేసి కిలోలు. నలభై ఎనిమిది వేల కిలోలు. నలభై ఎనిమిది టన్నులు. గుండు చెప్పిందీ అదే, కాటా చెప్పిందీ అదే. కొందరికి ఆరు తొట్లు, కొందరికి రెండు, అయినా కలిసింది. వంతెన మీద గట్టిగా అరిచాను. పిచ్చెక్కిందనుకున్నారు.

ఆషాఢ శుద్ధ ఏకాదశి
*రిజిస్టరులో: మట్టం సరి. నేను చూసింది: తూర్పుకు 3.0.*

ఎనిమిది రోజులుగా వాన. కరివేపాకు తొట్టి తూచాను, యాభై కిలోలు. నలభై ఎనిమిది టన్నులు అరవై అయ్యాయి, గుండు మూడు గీతలకు చేరింది. వాననీళ్లకు కూడా బరువుంటుందని నియమావళిలో ఎక్కడా లేదు.

పిన్ని గోంగూర తొట్టిని నిండా నానబెట్టి మళ్లీ తూచాను. అరవై కిలోలు.

"వేరు కుళ్లబెడతావా నా గోంగూరకి? నీ పరీచ్చ పాడుగాను!"

"శ్రావణంలో వాన నానబెట్టేది ఇంతేగా పిన్నీ. నేను ముందుగా చూశాను."

చూసింది బాగాలేదు. అరవయ్యేసి కిలోలైతే డెబ్బై రెండు టన్నులు, అంటే 3.6 గీతలు. కింది వరస ఇళ్ల తూములు 3.5 గీతల దగ్గర నీళ్లలో మునుగుతాయి. పౌర్ణమి పోటు కెరటాలు ఆ రోజే వస్తే తూముల్లోంచి సముద్రం వంటింట్లోకి వస్తుంది. కింది వరసలో నలభై ఇళ్లు. మాది పద్నాలుగోది.

పడమర తొట్టిలో ఇంకో యాభై టన్నులకు చోటుంది. చక్రం తిప్పితే చాలు. సర్టిఫికెట్ ఉన్న మేస్త్రీ గారు ముప్ఫై దాటి తిప్పరు, నేను తిప్పాలంటే సర్టిఫికెట్ కావాలి. కాబట్టి ఈ నలభై ఇళ్లు మునగకుండా ఉండాలంటే నేను వర్గ సమీకరణాలు నేర్చుకోవాలి. రోజుకు రెండు గంటలు చదువుతున్నాను. చేతికి గుల్లలు కోసుకున్నచోట సిరా పడితే మండుతుంది.

ఆషాఢ బహుళ అష్టమి
*రిజిస్టరులో: మట్టం సరి. నేను చూసింది: 3.0.*

పరీక్ష. క్యాంటీన్ బల్లలు. తొమ్మిది మందిలో ఆరుగురమే మిగిలాం. పెన్సిలు కింద పెట్టిన ప్రతిసారీ తూర్పుకు దొర్లి కింద పడుతోంది. అందరివీ అంతే. చివరికి అందరం పెన్సిలు పళ్ల మధ్య పెట్టుకుని రాశాం.

పదిహేడో ప్రశ్న చూసి నాకు నవ్వాగలేదు. "ఏడవ తెప్ప యొక్క తూర్పు భాగము బరువు 840 టన్నులు, పడమటి భాగము బరువు 810 టన్నులు. తెప్ప మట్టముగా ఉండుటకు పడమటి తొట్టిలో ఎన్ని టన్నుల నీరు నింపవలెను?"

వీరాస్వామి గారి కాలం నాటి ప్రశ్న, ఒక్క అంకె మారలేదు. ఆయన ముప్ఫై రాశాడు, మార్కులొచ్చాయి, ముప్ఫై నింపాడు. చక్రం తాళంలో ఉన్నదీ ఒడ్డువాళ్ల జవాబుల కీ లోని ఈ ముప్ఫైయే. ముప్ఫై అని రాసి లేచిపోతే అయిపోయేది. అప్పుడే పెన్సిలు దొర్లి కిందపడింది. వంగి తీసుకుంటూ, ఆ నేల మీద మోకాళ్ల మీద ఉండగా, ముప్ఫై రాయడానికి చెయ్యి రాలేదు.

రాశాను: 840 + 60 = 810 + ఎక్స్. ఎక్స్ = 90. తొట్టి పట్టేది 80 మాత్రమే కాబట్టి 80 నింపి, మిగిలిన 10 టన్నుల తేడాకు తూర్పు నుంచి 5 టన్నులు పడమరకు మార్చాలి. 60 ఎలా వచ్చిందో తొమ్మిది సోపానాల్లో చూపించాను. అది ఏ బరువో రాయలేదు. పేరు చెప్పకుండా లెక్క తేల్చడానికే కదా అక్షరాలున్నది.

ఆషాఢ అమావాస్య
*రిజిస్టరులో: మట్టం సరి. నేను చూసింది: 3.2.*

ముప్ఫై ఎనిమిది. పదిహేడో ప్రశ్న కింద మీ మాట: "విద్యార్థిని ఊహాజనిత రాశిని ప్రవేశపెట్టినది. ప్రశ్నలో ఇచ్చిన సమాచారమునే వాడవలెను. ప్రయత్నము అభినందనీయము."

పెట్టెలోంచి మూల్యాంకన శాఖకు కలిపించుకున్నాను. ఒక పెద్దమనిషి దొరికాడు. గొంతులో నిద్రమత్తు, మధ్యాహ్నం మూడింటికి.

"చూడమ్మాయ్, ప్రశ్నలో తెప్ప అనేది ఉదాహరణకి. నిజం తెప్ప అనుకుని రాశావా?"

"నిజం తెప్ప మీద కూర్చుని రాశానండీ."

"ఆ అరవై టన్నులు ప్రశ్నలో ఎక్కడున్నాయి?"

"ప్రశ్నలో లేవు. తూర్పున ఉన్నాయి."

"ఏమిటవి?"

"బరువండీ" అన్నాను. ఏ బరువో చెబితే మర్నాడు పడవ వస్తుంది, ముప్ఫై ఏళ్ల పిడికెళ్లు సముద్రంలోకి పోతాయి, కరివేపాకు తొట్టితో సహా. ఆయన "అదీ సంగతి" అని పెట్టేశాడు. దొంగ దొరికినంత సంతోషం ఆ గొంతులో.

శ్రావణ శుద్ధ విదియ
*రిజిస్టరులో: మట్టం సరి. నేను చూసింది: 3.3.*

పొద్దున అమావాస్య తర్వాతి పోటుకు తూర్పు గాలి తోడైంది. కింది వరసలో అన్నిటికంటే పల్లాన ఉన్న చివరి ఇంటి తూములోంచి ఉప్పునీళ్లు చిమ్మాయి. ఒక్క కెరటం, నాలుగు చెంబులుండవు. ఆ ఇల్లు వీరాస్వామి గారిది. సాయంత్రానికి ఆయన భార్య కనకాంబరాలు మాడినట్టు వాలిపోయాయి. ఆవిడ ఏడవలేదు. తొట్టెత్తి తెచ్చి పంపుగదిలో, గుండు కింద, పలక మీద పెట్టి వెళ్లింది. మేస్త్రీ గారు చాలాసేపు ఆ తొట్టిని అక్కణ్ణుంచి తీయలేదు.

శ్రావణ శుద్ధ చవితి

పొద్దున కుళాయిల దగ్గర తూర్పు వాళ్లందరికీ చెప్పాను. మట్టి ఉందని ఒప్పుకుంటేనే నా లెక్క లెక్క అవుతుంది, లేకపోతే ఊహ. ఒప్పుకుంటారా?

"ఒప్పుకుంటే పట్టుకుపోతారు!" అని ఒకావిడ.

"దీనికి ఉద్యోగం కావాలి, మన గోంగూర పోసి కొనుక్కుంటది" అని ఇంకొకావిడ.

ఆ మాటలో కొంత నిజం ఉంది. కుర్చీ నాకు కావాలి. నాకంటే బాగా పడమర తొట్టి ఎవరికీ తెలియదు, ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

పిన్ని బిందె కింద పెట్టింది.

"ఏమమ్మా, కనకాంబరం చూశారుగా? ఒడ్డోళ్లు పట్టుకుపోతే మట్టి పోద్ది. ఉప్పునీళ్లొస్తే మట్టీ పోద్ది, మొక్కా పోద్ది, ఇల్లూ పోద్ది. పిడికెడే కదా, బరువేంటని తెచ్చినోళ్లం మనమే. రాయవే నాంచారీ. మొదట నా పేరు రాయి. నాలుగు తొట్లు. కరివేపాకు మీ అమ్మదని కూడా రాయి. ఇంకోటి వినండి, ఈసారి తూకానికి నేను వంతెన దాటి మోయను. నా నడుం పోయింది."

"నా చుట్టరికం తెంపుకుంటున్నావా వదినా?" అంది పడమర నుంచి నీళ్లకొచ్చిన కాసులమ్మ.

"గోంగూర పచ్చడికి రావే. దానికి తూకం ఎందుకు?"

సాయంత్రానికి మూడు వందల ఇళ్లూ తిరిగాను. ఆరున్న వాళ్లు నాలుగని, రెండున్న వాళ్లు మూడని చెప్పబోయారు. దొడ్లోకి వెళ్లి నేనే లెక్కపెట్టాను. 1,203 తొట్లు.

శ్రావణ శుద్ధ పంచమి
*రిజిస్టరులో: తూర్పుకు 3.3. నేను చూసింది: తూర్పుకు 3.3.*

పైన ఉన్నది పొరపాటు కాదు. వీరాస్వామి గారు ఇవాళ మేకులు పీకి పలకను ఎర్రచుక్క మీదికి జరిపారు. ఉన్నది ఉన్నట్టు రాశారు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి. ఒడ్డు నుంచి వెంటనే "కారణం?" అని వచ్చింది. ఆయన కళ్లజోడు సర్దుకుని, "మట్టి. వివరాలు సైకం నాంచారి రాస్తుంది" అని జవాబు పంపి, నా వైపు తిరిగి "ఇక నీ ఇష్టం" అన్నారు. జ్యేష్ఠంలో పది టన్నులు ఎక్కువ నింపింది తానేనని కూడా సంతకం పెట్టి ఇచ్చారు. అది లేకపోతే గీతకు ఇరవై టన్నులని తేలేదే కాదు.

మూల్యాంకన శాఖవారికి,

ఊహాజనిత రాశి జాబితా జతచేశాను. ఇంటి యజమాని పేరు, తొట్ల సంఖ్య, వేలిముద్ర. మొదటి పేరు మా పిన్నిది. కూడి చూసుకోండి. ఈసారి సోపానాలన్నీ ఉన్నాయి.

నా పదిహేడో జవాబుకు నాలుగు మార్కులు వేసి, సర్టిఫికెట్ పంపండి. మీ కీ లో ముప్ఫై కొట్టేయండి, చక్రం తాళంలోనూ కొట్టేయండి. రిజిస్టరులో తూర్పు 840 పక్కన మట్టిని కూడా రాసుకోండి. "అనవసర బరువు" అని మాత్రం రాయకండి. తూచడానికి వచ్చేవాళ్లను రెండు వైపులా ఒకే రోజు తూచమనండి. తూచే రోజు తొట్లు ఎక్కడివి అక్కడే ఉంటాయి. మీవాళ్లు ఒక్క తొట్టి ముట్టుకున్నా మొత్తం లెక్క మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తుంది, అది మీ వల్ల కాదు.

పౌర్ణమికి డెబ్బై రెండు టన్నులు. కావలసిన నీరు 102, తొట్టి పట్టేది 80. మిగిలిన 22 టన్నుల తేడాకు పదకొండు టన్నులు పడమరకు పోవాలి, అంటే నానిన తొట్లు 184. అవి ఎవరివి ఎక్కడికి పోవాలో మేం మేం తేల్చుకుంటాం, పచ్చడి తింటూ. ఇళ్లు మునగకుండా ఉండటానికి మాత్రం చక్రం తిప్పితే చాలు.

శ్రావణ శుద్ధ చతుర్దశి ఉదయం ఆరు గంటల లోపల జవాబు రావాలి. "పరిశీలనలో ఉన్నది" అన్నది జవాబు కింద లెక్కకు రాదు. ఆరు దాటిన నిమిషానికి సర్టిఫికెట్ ఉన్నా లేకపోయినా పడమర చక్రం దగ్గర ఉంటాను. తాళం ముప్ఫై దగ్గర గోల పెడుతుంది. పెట్టనివ్వండి. నేను ఎనభై దగ్గర ఆపుతాను.

సైకం నాంచారి
తూర్పు కింది వరస, పద్నాలుగో ఇల్లు, ఏడో తెప్ప